తినే మొక్కజొన్నకి పాతిక సెంట్లు వదలండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఈ మధ్య మొక్కజొన్న వార్తలు వరసగా వస్తున్నాయి. 2025-26కి కేంద్రం క్వింటాకి 2,400 రూపాయల మద్దతు ధర ప్రకటించినా కళ్ళంలో ఆ ధర పలకడం లేదని ఒక రోజు, గింజంతా ఇథనాల్ ఫ్యాక్టరీల వైపు వెళ్తోందని ఇంకో రోజు, కత్తెర పురుగు గురించి మరో రోజు. అన్నీ రైతుకి కావలసిన వార్తలే. కానీ మొక్కజొన్నని మనిషి కూడా తింటాడన్న ఊసు వాటిలో ఎక్కడా లేదు. కోడి తింటుంది, ఫ్యాక్టరీ తింటుంది, మనం పండించి అమ్ముతాం, అంతే. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

మాది విజయనగరం జిల్లా తెర్లాం మండలం. వ్యవసాయ విస్తరణాధికారిగా ఈ చుట్టుపక్కల మండలాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సొంత గరువులో (మెట్ట పొలంలో) సేద్యం చేసుకుంటున్నాను. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఈ గరువుల్లో ఎక్కువ భాగం గోగే. నార ధర పడిపోయి, మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక గోగు తగ్గింది, మొక్కజొన్న వచ్చింది. మెరకముడిదాం, చీపురుపల్లి, అటు శ్రీకాకుళం జిల్లాలో లావేరు, రణస్థలం, ఎటు చూసినా అదే పైరు. రబీలో వరి కోసిన మడుల్లోనూ అదే. వచ్చిందంతా హైబ్రిడ్ విత్తనం మీదే వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. అమ్ముకునే పంటకి హైబ్రిడ్ వేయండనే ఉద్యోగంలో ఉన్నప్పుడు చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తాను.

నేను అడుగుతున్నది వేరు. ఇంటి తిండి కోసం ప్రతి రైతు ఒక పాతిక సెంట్లు సూటి రకం మొక్కజొన్న వేసుకోవాలి. దాని విత్తనం తానే ఎంచుకుని, తానే దాచుకోవాలి. ఆ ఎంపికలో దిగుబడినీ, తినేవాళ్ళకి గింజ ఇచ్చే బలాన్నీ రెండింటినీ చూసుకోవాలి. ఇందుకు ప్రభుత్వం వైపు నుంచి కావలసింది చాలా తక్కువ. అదేమిటో చివర్లో రాస్తాను.

సూటి రకమంటే తెలియని కుర్ర రైతులు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త చెప్పాలి. హైబ్రిడ్ గింజ రెండు ప్రత్యేకమైన వరసల్ని కలిపితే పుట్టినది. ఆ చేలో పండిన గింజనే దాచి మళ్ళీ వేస్తే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు పూస్తుంది, ఒకటి వెనక. దిగుబడి పడిపోతుంది. అందుకే ఏటా కొనాలి. సూటి రకంలో మొక్కలన్నీ గాలికి ఒకదాని పుప్పొడి ఒకదాని మీద పడి కలిసిపోతూనే ఉంటాయి. ఆ కలయికే దాని బలం. విత్తనం దాచుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతుకి విత్తనం దాచుకునే, మళ్ళీ విత్తుకునే, తోటి రైతుతో మార్చుకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే.

సూటి రకాలు కొత్తవేమీ కావు. 1957లో అఖిల భారత మొక్కజొన్న సమన్వయ పథకం మొదలయ్యాక 1960లలో ముందు హైబ్రిడ్లు వచ్చాయి. ఏటా విత్తనం కొనలేని రైతుల కోసం 1967లో విజయ్, కిసాన్, సోనా, జవహర్ లాంటి కాంపోజిట్లు, అంటే కొన్ని మంచి రకాల్ని కలిపి చేసిన సూటి రకాలు, వచ్చాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో అశ్విని, హర్ష, వరుణ్ అనే కాంపోజిట్లు ఉండేవి. ఉడకబెట్టి తినడానికి మాధురి, ప్రియ అనే తీపి రకాలు, పేలాలకి అంబర్ పాప్‌కార్న్ కూడా సూటి రకాలే. ఈ పేర్లు ఇప్పుడు ఏ విత్తనాల షాపులో అడిగినా మొహమొహాలు చూసుకుంటారు.

దిగుబడి గురించి దాపరికం అక్కర్లేదు. మా గరువులో ఖరీఫ్ వానకి హైబ్రిడ్ ఎకరాకి ఇరవై క్వింటాళ్ళు దాటి ఇస్తే, నా సూటి రకం పదిహేను, పదహారు ఇస్తుంది. అంటే పాతిక సెంట్లకి నాలుగు క్వింటాళ్ళకి అటూ ఇటూ. ఒక ఇంటికి ఏడాది పొడుగునా నూకకీ, పిండికీ, పేలాలకీ, దొడ్లో ఉన్న నాలుగు కోళ్ళకీ అది ఎక్కువే. పైగా విత్తనం ఖర్చు లేదు. ఎరువు తగ్గినా ఈ పైరు మరీ కుదేలైపోదు. చొప్ప ఎత్తుగా, ఆకు మెత్తగా ఉంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి. కత్తెర పురుగు మాత్రం దీన్నీ వదలదు. సుడిలో ఇసుక, సున్నం తొమ్మిదికి ఒకటి పాళ్ళలో కలిపి వేయడం దీనికీ తప్పదు.

అసలు విషయం విత్తనం ఎంచడంలో ఉంది. కళ్ళంలో పోసిన రాశిలోంచి పెద్ద కండెలు ఏరి దాచడం అందరికీ అలవాటు. ఆ అలవాటు మానాలి. రాశిలో కండెని చూసి దాని మొక్క ఎలా నిలబడిందో చెప్పలేం. గట్టు పక్కన ఎండంతా తనకే దొరికిన మొక్క, పక్కన రెండు గుంటలు మొలవక ఖాళీగా ఉంటే ఆ ఎరువంతా తాగిన మొక్క సహజంగానే పెద్ద కండె వేస్తాయి. అది ఆ చోటు గొప్ప, మొక్క గొప్ప కాదు. నాలుగు వైపులా మొక్కలుండి, వాటితో పోటీపడి మంచి కండె వేసినదే విత్తనానికి పనికొచ్చే మొక్క.

నేను చేసే పద్ధతి ఇది. సాళ్ళ మధ్య 75 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. పాతిక సెంట్లలో ఆరున్నర వేల మొక్కలు దాటి ఉంటాయి. ఆ పొలం చెక్కని మనసులోనే ఇరవై గళ్ళుగా విడగొడతాను, మూలల్లో కర్రలు పాతుతాను. ఒక గడిలో నేల పల్లంగా ఉండి పైరు ఏపుగా ఉండవచ్చు, ఇంకో గడిలో గులకరాయి ఉండవచ్చు. ఏ గడిలో మొక్కని ఆ గడిలో మొక్కతోనే పోల్చి, గడికి ఎనిమిదేసి మంచివి ఏరుతాను. చేనంతా కలిపి చూసి ఏరితే విత్తనమంతా ఆ బలమైన నేల మీద మొక్కల్దే అవుతుంది. ఈ గళ్ళ పద్ధతిని అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో గార్డ్‌నర్ అనే శాస్త్రవేత్త 1961లో శాస్త్రీయంగా రాశారు. దీనికి యంత్రం అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు. కర్రలూ, గుడ్డపేలికలూ, ఓపికా చాలు.

ఏరిన మొక్కలకి గుర్తుగా పేలికలు కట్టేది పూత దశలోనే. అప్పుడు చూడవలసినది ఒకటుంది, అది చాలామందికి తెలియదు. కండె మీద కనిపించే పీచులో ఒక్కో పోగుకి ఒక్కో గింజ. పోగు మీద పుప్పొడి పడితేనే ఆ గింజ కడుతుంది. పైన జల్లు (మగ పూత) పుప్పొడి రాల్చడం మొదలైన రెండు మూడు రోజులకి కింద పీచు రావాలి. బెట్ట తగిలితే జల్లు సమయానికే వస్తుంది గానీ పీచు వెనకబడుతుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. అలాంటి కండె ఒలిచి చూస్తే బెండు మీద అక్కడక్కడా గింజలుంటాయి, మిగతాదంతా బోడి. మన గరువుల్లో ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు జరిగేది ఇదే. కాబట్టి బెట్టలో కూడా జల్లుతో పాటే పీచు తీసిన మొక్కకి నేను ముందు పేలిక కడతాను. వానాధారపు పైరుకి దిగుబడి పెంచే ఎంపిక ఇంతకన్నా లేదు.

అప్పుడే ఇంకో పని. పీలగా ఉన్నవి, తెగులు పట్టినవి, కాండం సన్నగా వంగిపోయేవి, వాటి జల్లు పుప్పొడి రాల్చకముందే లాగేయాలి. ఎందుకంటే మనం ఏరిన కండెకి తల్లి ఎవరో తెలుసు, తండ్రి ఎవరో తెలియదు. చేలో ఉన్న ఏ జల్లు అయినా కావచ్చు. చెడ్డ జల్లులు తీసేస్తే తండ్రుల వైపు కూడా ఎంపిక జరిగినట్టే. పొద్దున్న మంచు ఆరకముందే వెళ్తే జల్లు సుళువుగా ఊడి వస్తుంది.

కోత ముందు మళ్ళీ ఒకసారి తిరిగి చూడాలి. పేలిక కట్టినవాటిలో కాండం నిలబడి ఉన్నవి, కండె మరీ పైన కాకుండా నడుము ఎత్తులో వేసినవి, డొప్ప (కండె మీది ఆకుల పొర) కండె కొస దాటి బిగుతుగా మూసుకున్నవి మాత్రమే ఉంచుతాను. డొప్ప బిగువు చిన్న విషయంలా కనిపిస్తుంది. కొస తెరుచుకున్న కండెలోకి సెప్టెంబరు వాన దిగుతుంది, బూజు పడుతుంది. చిలకలు పొడుస్తాయి. ముక్కు పురుగు చేలోనే గుడ్లు పెట్టి మన వెంట ఇంటికి వస్తుంది.

చివరికి నూటయాభైకి పైగా కండెలు మిగలాలి. ఐదారు అందమైన కండెల నుంచే విత్తనం తీస్తే కొన్నేళ్ళకి ఊరంతా మేనరికాలే చేసుకున్నట్టవుతుంది. మొక్క కురచబడుతుంది, గింజ తగ్గుతుంది, రకం పాడైందని మనం దాన్ని తిట్టుకుంటాం. కండెకి యాభై గింజల చొప్పున సమానంగా తీసి కలిపితే రెండు కిలోలవుతుంది. పాతిక సెంట్లకి సరిగ్గా సరిపోయే విత్తనం. అంతే విత్తనం ఇంకో డబ్బాలో వేపాకు వేసి అదనంగా దాచాలి, తొలకరి మోసం చేస్తే రెండోసారి విత్తుకోవడానికి. మిగతా గింజ తిండికి.

కండె అందం గురించి ఒక మాట. అమెరికాలో 1900 ప్రాంతాల్లో మొక్కజొన్న ప్రదర్శనలు పెద్ద తిరునాళ్ళలా జరిగేవి. వరసలు తిన్నగా ఉండాలి, కొస దాకా గింజ ఉండాలి, పది కండెలూ అచ్చుగుద్దినట్టుండాలి అని మార్కులు వేసేవారు. రైతులు ఆ మార్కుల కోసమే విత్తనం ఎంచేవారు. 1860ల నుంచి 1930ల దాకా అక్కడి సగటు దిగుబడి ఎకరాకి 26 బుషెళ్ళ దగ్గరే, అంటే ఆరున్నర క్వింటాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇలినాయిలో జార్జ్ క్రుగ్ అనే రైతు మాత్రం అందం పక్కన పెట్టి బరువుగా ఉన్న కండెలు ఏరుకున్నాడు. ప్రదర్శనలో బహుమతి రాని అతని సూటి రకమే దిగుబడి పోటీల్లో గెలిచింది. మన రైతు సంబరాల్లో ఇప్పటికీ పెద్ద కండెకి బహుమతి ఇస్తున్నారు. ఇవ్వదలచుకుంటే గడికి ఎన్ని కిలోల గింజ వచ్చిందో తూచి ఇవ్వండి.

ఇక బలం సంగతి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ప్రొటీన్ ఎక్కువుంటే మంచి గింజ అనుకుంటారు. ఇలినాయి విశ్వవిద్యాలయంలో 1896లో హాప్‌కిన్స్ అనే శాస్త్రవేత్త బర్స్ వైట్ అనే సూటి రకం కండెలు 163 తీసుకుని ప్రొటీన్ కోసం ఎంచడం మొదలుపెట్టారు. అప్పుడు గింజలో సుమారు 11 శాతం ఉన్న ప్రొటీన్ వంద తరాల ఎంపిక తర్వాత 30 శాతం దాకా వెళ్ళింది. సూటి రకంలో ఎంత దాగి ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు లేదు. కానీ గింజ చిన్నదైపోయింది, దిగుబడి పడిపోయింది. పైగా అలా పెరిగిన ప్రొటీన్‌లో అధిక భాగం జీన్ (zein) అనే ఒక రకం ప్రొటీన్, జన్యువుని పిలిచే జీన్ కాదిది. లైసిన్, ట్రిప్టోఫాన్ అనేవి తిండి నుంచే అందవలసిన ప్రొటీన్ భాగాలు. జీన్‌లో లైసిన్ లేదు, ట్రిప్టోఫాన్ దాదాపు లేదు. ఆ రెండూ లేని ప్రొటీన్‌తో పిల్లాడి ఒళ్ళు పెరగదు.

ట్రిప్టోఫాన్ నుంచి శరీరం కొంత నయాసిన్ అనే బి విటమిన్‌ని తయారుచేసుకుంటుంది. మొక్కజొన్నలో ఉన్న నయాసిన్ మనకి అందని రూపంలో బిగిసి ఉంటుంది. అందుకే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న పిండే తిండిగా బతికిన పేదలకి పెల్లగ్రా వచ్చేది. చర్మం మాడినట్టయి, కడుపు చెడి, చివరికి మతి చెదిరేది. అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించారు. మన దక్కన్‌లో జొన్న మీదే బతికినవారిలో అదే జబ్బుని హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్ పరిశోధించారు. మెక్సికోలో మాత్రం వేల ఏళ్ళుగా మొక్కజొన్న తింటూ ఈ జబ్బు లేకుండా ఉన్నారు. అక్కడ గింజని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. బిగిసి ఉన్న నయాసిన్ విడుదలవుతుంది, సున్నం వల్ల కాల్షియం కూడా చేరుతుంది. మనకి సున్నం ఉడికించే అలవాటు లేదు గానీ కందిపప్పు ఉంది. కందిలో లైసిన్ పుష్కలం. మొక్కజొన్న సాళ్ళ మధ్య కంది వేసుకుంటే ఒకే చెక్కలోంచి రెండూ ఒకే ఇంటికి వస్తాయి. మా ఇంట్లో మొక్కజొన్న నూకా, కందిపప్పూ కలిపి ఉడికించి, ఉల్లిపాయ తాలింపు పెడతారు. మా పక్కింటి పెద్దావిడ ఓసారి తిని, "ఇది మన తిండే బాబూ, బస్తాల్లో పోయేది ఏటి తినగలం" అంది. చప్పరించి చూస్తే ఆవిడ మాట నాకూ నిజమే అనిపిస్తుంది. ఆ గింజకి తీపుంది.

గింజలోనే లైసిన్ పెంచే దారి కూడా ఉంది. 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ ఓపేక్-2 అనే జన్యువు ఉన్న గింజలో లైసిన్, ట్రిప్టోఫాన్ దాదాపు రెండింతలని చూపించారు. దాంతో మన దేశంలో 1970ల మొదట్లో శక్తి, రత్తన్, ప్రొటీనా అనే కాంపోజిట్లు వచ్చాయి. గింజ మెత్తగా, సుద్దలా ఉండేది, తూకం రాలేదు, పురుగు తినేసింది. రైతులు వదిలేశారు, వదలక ఏం చేస్తారు. తర్వాత మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రంలో మన పంజాబీ శాస్త్రవేత్త సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ కలిసి ఏళ్ళ తరబడి కష్టపడి ఆ గింజని గట్టిపరిచారు. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ గట్టి గింజతో శక్తి-1 అనే కాంపోజిట్ 1990ల చివర్లో మన దేశంలో విడుదలైంది. ఆ తర్వాత నాణ్యమైన ప్రొటీన్ ఉన్న హైబ్రిడ్లు కూడా వచ్చాయి. మన రెండు జిల్లాల్లో విత్తనాల బస్తాల మీద ఆ మాట నాకెక్కడా కనిపించలేదు.

ఈ రకం వేసేవారికి ఒక హెచ్చరిక. ఆ గుణం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే గింజలో ఉంటుంది. పక్క చేను హైబ్రిడ్ పుప్పొడి వచ్చి పీచు మీద పడితే ఆ గింజ ఆ కారుకే మామూలు గింజయిపోతుంది. తెల్ల రకం వేసినవారికి ఇది కంటికే కనిపిస్తుంది, తెల్ల కండెలో అక్కడక్కడా పసుపు గింజలు. చుట్టూ 200 మీటర్ల దూరం ఉండాలన్నది విత్తన ధ్రువీకరణ నిబంధన. మన ఊళ్ళలో అంత దూరం ఎవరికి దొరుకుతుంది? దూరం లేనప్పుడు కాలాన్ని వాడుకోవాలి. నేను తొలకరి పడగానే జూన్ మొదట్లో విత్తుతాను, పక్కవాళ్ళు జూలైలో విత్తుతారు. నా పీచు ఎండేసరికి వాళ్ళ జల్లు ఇంకా బయటపడదు. అయినా చుట్టూ ఉన్న ఐదారు సాళ్ళ కండెల్ని విత్తనానికి తీసుకోను, అవి తిండికే. రబీలో నాలుగు వైపులా హైబ్రిడ్ ఉంటుంది కాబట్టి ఆ కారులో విత్తనం కట్టే ఆలోచనే వద్దు.

ఇక నేను అడిగేవి. రాష్ట్ర విభజనతో హైదరాబాద్‌లో జరిగిన మొక్కజొన్న పరిశోధన తెలంగాణ వైపు ఉండిపోయింది. పాత కాంపోజిట్ల మూల విత్తనాన్ని అక్కడి నుంచి తెప్పించి, మన ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విజయనగరం కేంద్రంలోనో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో పెంచాలి. రైతుకి ఇరవై కిలోల బస్తా వద్దు, రెండు కిలోల సంచి చాలు. మళ్ళీ ఏటా ఇవ్వక్కర్లేదు కూడా. వాటితో పాటు నాణ్యమైన ప్రొటీన్ ఉన్న కాంపోజిట్ ఒకటి ఉండాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండ ఊళ్ళలో గిరిజనులు ఇంకా నాటు మొక్కజొన్న కడుతున్నారు. వాళ్ళ విత్తనాన్ని వాళ్ళ అనుమతితో, వాళ్ళ ఊరి పేరుతోనే నమోదు చేసి భద్రపరచాలి. రైతు సేవా కేంద్రాల్లో మొక్కజొన్న శిక్షణ ఎప్పుడూ విత్తే ముందే పెడతారు. ఒక్కసారి జల్లు దశలో చేలోనే పెట్టండి. పీచు, జల్లు, పేలిక, ఇవి కాగితం మీద నేర్పగలిగేవి కావు. వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు సగమైనా ఉండాలి, ఎందుకంటే ఇంట్లో విత్తనం దాచేదీ, గింజ రుచి చెప్పేదీ వాళ్ళే.

చివరిది. మట్టి నమూనా పరీక్షించి కార్డు ఇస్తున్నట్టే, రైతు పట్టుకొచ్చిన మొక్కజొన్న గింజలో ప్రొటీన్ ఎంత, ట్రిప్టోఫాన్ ఎంత అని నామమాత్రపు రుసుముతో పరీక్షించి చెప్పే ఏర్పాటు విశ్వవిద్యాలయంలో ఉండాలి. డొప్ప బిగువు, జల్లు, పీచు కంటితో చూసి ఎంచగలం. గింజలో ఏముందో కంటికి కనబడదు, అది తెలియకుండా బలం కోసం ఎంచడం కుదరదు. ఆ ఏర్పాటు జరిగితే ఈ ఖరీఫ్‌లో ఏరిన కండెల నుంచి గడి గడికీ వేర్వేరుగా నమూనాలు కట్టి నేనే పట్టుకొస్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
తెర్లాం మండలం, విజయనగరం జిల్లా.